బండిలోని యెఱ్ఱదీపము

శ్రీరామనవమికి, ముక్కోటి యేకాదశికి భద్రాచలము పోవు కుటుంబములు నేడు సొంత కారులలోనే బయలుదేరుచున్నవి. బండి నడుపువారిలో స్త్రీలును పెక్కండ్రు గలరు. అయినను చక్రము వెనుక పలకపై నొక యెఱ్ఱదీపము వెలిగినచో నేమి చేయవలయునో యెఱిగినవారు తక్కువ. మేమును ఎఱుగము. ఎఱుగకపోవుటచే నేమి జరిగెనో ముందుగా చెప్పెదము.

దీపావళినాడు మా బండిలో, గుండ్రని గీత నడుమ ఆశ్చర్యార్థకపు గుర్తు గల యెఱ్ఱదీపము మలుపులయందు వెలిగి ఆరుచుండెను. ఖమ్మములో నొక షెడ్డునకు తీసికొనిపోతిమి. పావుగంటలో పని ముగించి, "ఆ లైటు గొడవ ఇంక ఉండదమ్మా" అని పంపిరి. నిజముగనే అది మరల కనబడలేదు. నాలుగైదు మాసములు నిశ్చింతగా తిరిగితిమి.

శ్రీరామనవమికి అత్తగారిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి. ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెము, పాల్వంచల మీదుగా పోవు నా దారి సుమారు 120 కిలోమీటర్లు. పాల్వంచ దాటిన పిమ్మట అడవి బాట యంచులకు వచ్చును. అది యిప్పపూలు రాలు కాలము. తెల్లవారకమున్నే కోయ స్త్రీలు, పిల్లలు గంపలతో వచ్చి చెట్లక్రింద పూలేరుకొనుచుందురు. ఒక మలుపు తిరుగగనే పశువుల మంద అడ్డము వచ్చినది. దాని వెనుక గంప నెత్తిన పెట్టుకొన్న పదేండ్ల పిల్ల. బ్రేకు త్రొక్కితిమి. పెడలు మెత్తగా అడుగువఱకు దిగిపోయెనే కాని బండి నిలువలేదు. మరల మరల గబగబ త్రొక్కి, గేరు తగ్గించి, హ్యాండుబ్రేకు కొంచెము కొంచెముగా లాగగా పిల్లకు మూడు బారల దూరమున ఆగినది. ఆ పిల్ల మమ్ము ఒక్క నిమిషము చూచి, పశువుల నదలించుకొని పోయినది. మా చేతుల వణకు మాత్రము చాలసేపు తగ్గలేదు.

పాల్వంచనుండి వచ్చిన ముసలి మెకానిక్ బానెట్ ఎత్తి చూచెను. బ్రేకు ఆయిలు డబ్బా దాదాపు వట్టిపోయినది. వెనుక చక్రముకడ ఆయిలు కారుచున్నది. ముందరి ప్యాడ్లు ఇనుముదాక అరిగినవి. డబ్బాకు తగిలియుండవలసిన తీగ ఊడదీసి ప్రక్కకు చుట్టియున్నది. "దీపం ఆర్పారు గాని జబ్బును అట్లాగే ఉంచారమ్మా" అని యాతడనెను.

ఆ డబ్బాలో నొక చిన్న తేలుడుబిళ్ల యుండును. ఆయిలు తగ్గినప్పుడు బిళ్ల దిగి, మీట కలిసి, దీపము వెలుగును. తీగ ఊడదీసినచో ఆయిలు చుక్కయైనను లేకున్నను దీపము వెలుగదు. ఇందులో మోసమేమనగా, తాళము త్రిప్పినప్పుడును హ్యాండుబ్రేకు వేసినప్పుడును అదే దీపము యథాప్రకారము వెలుగుచుండును గనుక, అంతయు బాగుగనే యున్నదని మనము నమ్ముదుము.

దీపము వెలిగినప్పుడు చదునైన చోట బండి నిలిపి, టైరుక్రింద రాయి పెట్టి, మొదట హ్యాండుబ్రేకు చూడవలెను. అది పూర్తిగా దిగకున్నను దీపము వెలుగును. కొన్ని బండ్లలో దాని మొదట నున్న చిన్న మీటలో దుమ్ము చేరును, తుడిచినచో చాలును. ఇది యింటి పనియే.

తరువాత ఆయిలు డబ్బా. దానిపై కనిష్ఠము, గరిష్ఠము తెలుపు రెండు గీతలుండును. క్రింది గీతకు దిగినచో వెంటనే పోసి నింపవలెనని తోచును. అట్లు చేయరాదు. ప్యాడ్లు అరిగినకొలది ఆయిలు చక్రములవైపు దిగుట సహజము. క్రొత్త ప్యాడు మందము సుమారు 10 మిల్లీమీటర్లు; 3 మిల్లీమీటర్లకు వచ్చినచో మార్పింపవలెను. ప్యాడ్లు బాగుండియు ఆయిలు తగ్గినచో ఎక్కడనో కారుచున్నదన్న మాట. చక్రముల లోపలివైపు తడి యున్నదేమో చూడుడు. ఇంజను నడచుచుండగా పెడలు నదిమిపట్టినచో అది మెల్లగా దిగిపోవుచున్నదేమో గమనింపుడు. దిగినచో ఆ బండిని గజమైనను నడుపరాదు. ఇది మెకానిక్ పని, మన పని కాదు.

ఆయిలు నిండుగా నుండియు దీపము వెలిగినచో బిళ్ల చెడియుండవచ్చును. బిళ్ల మూతకే అమరియున్న బండ్లలో మూత నిలువుగా పైకెత్తినచో దీపము వెలుగవలెను. వెలుగకున్న తీగ యూడినదో, మీట పాడైనదో. ఈ పరీక్ష మాకు ముందే తెలిసియుండినచో ఆ పిల్ల యెదుట అట్లు నిలువవలసివచ్చెడిది కాదు.

బ్రేకు ఆయిలన్నది వంటనూనె, ఇంజను ఆయిలువంటిది కాదు. పూర్వము ఆముదమును మద్యసారముతో కలిపి వాడెడివారని వినగా మాకాశ్చర్యమైనది. ఇప్పటిది గాలిలోని తేమను పీల్చుకొను ద్రవము. డాట్ 4 అను రకము క్రొత్తగా నున్నప్పుడు కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడివఱకు మరుగదు. తడి చేరినచో 155 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగినప్పుడు బుడగలు పుట్టి పెడలు మెత్తబడును. చింతూరునుండి మారేడుమిల్లివైపు ఘాటుదారిలో దిగునప్పుడు మాటిమాటికి బ్రేకు త్రొక్కక తక్కువ గేరులో దిగవలెననుట ఇందుకే. సాధారణముగా రెండేండ్లకొకమారు ఆయిలు మార్చవలెను. కాఫీ డికాక్షను రంగునకు వచ్చినచో అంతవఱకు ఆగవద్దు. ఎన్నాళ్లో తెఱచియుంచిన డబ్బాలోనిది వాడవద్దు. ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు వాషర్లుబ్బి బ్రేకులు పూర్తిగా చెడును. రంగుపై చిందినచో వెంటనే నీళ్లతో కడుగుడు, లేనియెడల రంగు లేచిపోవును. పిల్లల చేతికందనీయకుడు.

మేము ప్యాడ్లు, వెనుక చక్రపు సిలిండరు మార్పించి, తీగ మరల తగిలింపించితిమి. ఇంటికి వచ్చిన సాయంకాలము తాళము త్రిప్పి, మూత నెత్తి చూచితిమి. యెఱ్ఱదీపము వెలిగెను. అత్తగారు వాకిటనుండి చూచి, "వెలిగిందా?" అని రెండుమారులడిగి లోనికి పోయిరి.