సైలెన్సరుకు పూత, పిక్కకు వాత!

రాంనగర్ నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: “మా అమ్మాయికి ఏడేళ్లు. స్కూలు నుంచి తీసుకొచ్చి బండి ఆపగానే కుడివైపుకు దూకింది. పిక్కకు సైలెన్సరు తగిలి రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. మా అమ్మ వెంటనే టూత్‌పేస్టు రాసింది. బండి పాతది, గొట్టం మీద రంగు ఊడి తుప్పు పట్టింది. వేడిని తట్టుకునే పూత వేయిస్తే మళ్లీ కాలదని మెకానిక్ అంటున్నాడు. ఏ పూత మంచిదో చెప్పగలరు.”

ఈ సందేహం చాలామందికి ఉంటుంది. మన సందుల్లో బళ్లను ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు. సంచీ పట్టుకుని వాటి మధ్య నుంచి నడిచేవాళ్లకు ఏదో ఒకరోజు ఈ వాత తప్పదు.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. వేడిని తట్టుకునే పూత అంటే వేడిని తగ్గించే పూత అని కాదు. వేడికి ఆ పూత మాడిపోదు, రాలిపోదు అని మాత్రమే అర్థం. డబ్బా మీద 600 డిగ్రీలు అని రాసి ఉంటే అది పూతకున్న ఓర్పు. మీ అమ్మాయి చర్మానికి ఆ ఓర్పు లేదు. 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడి 5 సెకన్లు తగిలినా, 70 డిగ్రీల వేడి ఒక్క సెకను తగిలినా చర్మం లోతుగా కాలుతుంది. అప్పుడే ఆపిన బండి గొట్టం మీద, ఇంజను దగ్గర, ఒక నీటిచుక్క వేసి చూడండి. చుర్రుమని ఆవిరైపోతుంది. అక్కడి వేడి 100 డిగ్రీలు దాటిందన్నమాట!

ఏది దేనికి పనికొస్తుంది?

సిలికాన్ కలిసిన నల్లరంగు లేదా అల్యూమినియం రంగు తుప్పును ఆపుతుంది. చవక కూడా. కానీ అది కాగితమంత పలుచని పొర, వేడిని ఆపలేదు. గొట్టానికి వేసే సెరామిక్ పూత ఖరీదైనది. పైవేడిని కొంత తగ్గించవచ్చు గాని, చర్మం కాలనంతగా తగ్గించదు. ట్యాంకుకు మెరుపు కోసం వేసే సెరామిక్ పూత వేరు, దాన్ని గొట్టానికి వేయించి మోసపోకండి.

కొందరు గొట్టానికి ఫైబర్ గ్లాస్ పట్టీ చుట్టిస్తారు. వానాకాలంలో అది నీరు పీల్చుకుని లోపల తుప్పు పెంచుతుంది. దాని పీచు చేతులకు దురద పుట్టిస్తుంది. ఆస్‌బెస్టాస్ తాడు మాత్రం వద్దే వద్దు. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే కొన్ని దశాబ్దాల తర్వాత కూడా క్యాన్సర్ రావచ్చు.

పిక్కను కాపాడేది సైలెన్సరు గార్డు. గొట్టానికీ రేకుకూ మధ్య గాలి ఆడే సందు ఉండటమే అందులోని రహస్యం. బండితో వచ్చిన గార్డును గలగలమంటోందని చాలామంది తీయించి పారేస్తారు. మళ్లీ బిగించమనండి. పాడైపోతే మీ బండి మోడలుకు సరిపోయేది కొనండి. డబ్బు ఒకదానికే ఉంటే ముందు గార్డు, తర్వాత రంగు.

రంగు వేసేటప్పుడు

గొట్టం పూర్తిగా చల్లారాక ఎమెరీ కాగితంతో తుప్పు తీసి, జిడ్డు తుడిచి, పలుచగా రెండు మూడు పొరలు వేయాలి. కొత్త రంగు మొదటిసారి వేడెక్కినప్పుడు ఘాటైన పొగ వస్తుంది. కాబట్టి ఈ పని ఆరుబయటే చేయండి. అపార్టుమెంటు సెల్లారులోనో, తలుపులు మూసిన షెడ్డులోనో ఇంజను నడపవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, ప్రాణం మాత్రం తీస్తుంది. పిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు దగ్గర ఉండరాదు.

కాలితే ఏం చేయాలి?

వెంటనే నల్లా కింద కాలు పెట్టి 20 నిమిషాలు నీళ్లు ధారగా పోయాలి. నల్లా రాని వేళ బిందెలోని నీళ్లు మగ్గుతో పోయండి. ఆలస్యమైనా, కాలిన 3 గంటల లోపు ఇలా చేస్తే మేలే. వాపు రాకముందే కాలిపట్టీలు తీసేయండి. ఐసు పెట్టవద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, దోసెపిండి ఏదీ రాయవద్దు. అవి పుండును మురికి చేస్తాయి, ఎంత లోతుగా కాలిందో మాకు కనబడనివ్వవు. అమ్మగారిని కోప్పడకండి, ఆవిడ ప్రేమతోనే రాశారు. ఇకపై నీళ్లు పోయమని చెప్పండి, చాలు. బొబ్బ చిదమకుండా శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరుకు చూపించండి. ధనుర్వాతం ఇంజక్షను అవసరమో కాదో ఆయన చెబుతారు.

సైలెన్సరు వాత చిన్నదిగా కనబడినా లోతుగా ఉంటుంది. కాలినచోట తెల్లగా గాని నల్లగా గాని మారి నొప్పి తెలియకపోతే సంతోషించవద్దు, నరాలు కూడా కాలాయని అర్థం. పసిపిల్లలకైనా, మడమ దగ్గర కాలినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి.

ముఖ్యంగా చక్కెరవ్యాధి ఉన్నవారికి ఒక మాట. మా ఓపీకి ఒక పెద్దావిడ నాలుగో రోజున వచ్చింది. బండి దిగేటప్పుడు చీలమండ కాలిన సంగతి ఆమెకు తెలియనే లేదు. చీర కుచ్చిళ్లకు రసి అంటుకుంటే కోడలు గమనించింది. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. కాళ్లకు స్పర్శ తగ్గినవారు రోజూ రాత్రి కాళ్లు చూసుకోవాలి.

చివరగా, ఖర్చు లేని మందు ఒకటి. చాలా బళ్లకు సైలెన్సరు కుడివైపున ఉంటుంది. పిల్లల్ని ఎప్పుడూ ఎడమవైపే దించండి. ఇంటి దగ్గర సైలెన్సరు గోడవైపు ఉండేలా బండి నిలపండి. ఆపిన అరగంట దాకా ఎవరినీ దాని దగ్గరకు పోనివ్వకండి. రంగు మీ ఇష్టం, నలుపైనా వెండిరంగైనా సరే!