హలీం కావాలి, పాతబస్తీ వద్దు!

రంజాన్ చాంద్ కనబడిందంటే చాలు, ఆఫీసులో నా కుర్చీ చుట్టూ జనం మూగుతారు. "భాయ్, హలీంకి ఎప్పుడు తీసుకెళ్తున్నావ్?" అని. నిజం చెప్పాలంటే నేను పాతబస్తీ వాణ్ణి కాదు. నల్లగొండ జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. చార్మినార్ వెనక గల్లీల్లో వాళ్ళెంత తప్పిపోతారో నేనూ అంతే తప్పిపోతాను. కాని నా పేరు చూసి గైడు ఉద్యోగం నాకే ఇచ్చేశారు. పదేళ్ళుగా కాదనకుండా చేస్తున్నాను. మెహమాన్ నవాజీ మన తహజీబ్ కదా! ఇప్పుడు మాత్రం ఆ మెహమాన్లను కొన్ని సవాళ్ళు అడగాలనుంది.

పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున్నే మూడు కుటుంబాలతో బయల్దేరాం. కారెక్కకముందే మొదటి ప్రశ్న వచ్చింది. "అక్కడ సేఫేనా భాయ్? ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు." లక్షలాది మంది ఆడవాళ్ళూ పిల్లలూ అక్కడే పుట్టి అక్కడే పెరుగుతున్నారు. ఆ మాట అనాలి. అనలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకి ఇప్పటికీ షర్మిందా అవుతున్నాను.

మొదట నహారీ. రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన షోర్వా, పాయా, తందూర్లోంచి అప్పుడే తీసిన కుల్చా. "వాహ్" అంటూ వేళ్ళు నాకారు. అలహందులిల్లా, నాకూ ఖుషీగానే ఉంది. తర్వాత చార్మినార్. 1591లో, హిజ్రీ వెయ్యో సంవత్సరం వేళ, ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడని చెబుతుంటే ఒకాయన అన్నాడు, "ఏదో వేరే దేశానికి వచ్చినట్టుంది."

వేరే దేశమా? ఆ కులీ కుతుబ్ షా తండ్రి ఇబ్రహీంని తెలుగు కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఆయనకే. మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యంగా మనం బడిలో చదువుకున్న 'యయాతి చరిత్ర'ని పొన్నిగంటి తెలగన అంకితమిచ్చింది అమీన్ ఖాన్‌కి. 1578లో మూసీ మీద పురానా పుల్ కట్టించింది ఆ మల్కిభరాముడే. తెలుగువాళ్ళ తారీఖ్‌లోంచి ఈ షహర్‌ని ఎవరు తీసేశారు? ఎప్పుడు తీసేశారు?

తర్వాత లాడ్ బజార్. 600 చెప్పిన లక్క గాజుల జతని 250కి బేరమాడి, గెలిచినట్టు ముఖం పెట్టారు. లక్కని బొగ్గుల సెగ మీద కరిగించి, ఆ వేడి మీదే చేత్తో సాగదీసి, గుండ్రంగా వంచి, ఒక్కొక్క రాయీ అద్దుతారు. ఆ వేళ్ళు చూశారా ఎప్పుడైనా? 2024లో ఆ గాజులకి జీఐ ట్యాగ్ వచ్చింది. హలీంకి 2010లోనే వచ్చింది. సర్టిఫికెట్లు వస్తువుకి వస్తున్నాయి. దాన్ని చేసే చేతికి ఏం వస్తోంది?

మక్కా మసీదు ముందు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్. సెల్ఫీలు. 1617లో పునాది వేస్తే 1694లో పూర్తయిన మసీదు అని చెప్పాను. మిగతాది చెప్పలేకపోయాను. 2007 మే 18, జుమ్మా రోజు. నమాజ్ వేళ లోపల బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. ఆ పైన అనుమానమంటూ పట్టుకుపోయింది కూడా ఇక్కడి కుర్రాళ్ళనే. జైళ్ళలో మగ్గి, చివరికి నిర్దోషులుగా బయటపడ్డారు. చచ్చిందీ వీళ్ళే, ముజ్రిములన్న నింద మోసిందీ వీళ్ళే. మరి "సేఫేనా" అని అడగాల్సింది ఎవరు?

తిరుగుదారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. వెనక సీట్లోంచి మాట వచ్చింది, "ఈ మినీ పాకిస్తాన్‌కి ఇంతకంటే రోడ్లెందుకులే." అందరూ నవ్వారు. అప్పటికి నహారీ ఇంకా అరగనేలేదు! రోడ్ల సంగతికొస్తే, హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్లో మొదలైంది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా మిగిలిన అయిదున్నర కిలోమీటర్లకి 2024 మార్చిలోగాని శంకుస్థాపన జరగలేదు. ముందు వెనక్కి నెట్టడం, తర్వాత వెనకబడ్డారని వెక్కిరించడం. ఇదెక్కడి ఇన్సాఫ్?

"తిండి దగ్గర రాజకీయాలెందుకు భాయ్, అభిమానంతోనే కదా వస్తున్నాం" అంటారు. సరే, అభిమానం సంగతే చూద్దాం. ఆఫీసుకి దగ్గరలో కిరాయి ఇల్లు కోసం తిరిగాను. ఫోన్లో "ఖాళీగా ఉంది, రండి" అన్న ఓనరు, పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశామండీ" అన్నాడు. గేటుకి టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. ఇంకోచోట "మాంసం వండుతారు కదా, ఇబ్బంది" అన్నారు. వాళ్ళ వాట్సప్ డీపీలో హలీం ప్లేటు! నా దస్తర్‌ఖాన్ మీద తిన్న మీలో, మీ అపార్ట్‌మెంట్లో నా కోసం ఒక్కమాట అడిగినవారెవరు?

మనవాళ్ళనీ వదలను. నవాబీ షాన్, నిజాం వజ్రాలు, దమ్ బిర్యానీ అంటూ మెహమాన్లకి ఈ ఖ్వాబ్‌ని అమ్ముతున్నది మనమే. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బిహార్ పసిపిల్లల్ని రెండు వందల మందికి పైగా విడిపించారు. అది ఏ సర్కారూ మనకి చేసిన జుల్మ్ కాదు. మన గల్లీల్లో, మన తలుపుల వెనక జరిగింది. రంజాన్లో రాత్రంతా దేగ్ ముందు నిలబడి ఘోట్నీతో హలీం దంచే మజ్దూరుకి ఎంత ఇస్తున్నారని మనమెప్పుడు అడిగాం? ఇజ్జత్ అడిగేవాళ్ళం ముందు ఇజ్జత్ ఇవ్వాలి.

చాంద్ కనబడే రోజులు మళ్ళీ వస్తున్నాయి. "ఎప్పుడు తీసుకెళ్తున్నావ్" అని మళ్ళీ అడుగుతారు. తీసుకెళ్తాను. నా షర్తులు రెండే. "సేఫేనా" అన్న సవాలు ఇంట్లో వదిలేసి రావాలి. పండగ అయ్యాక, మీ బిల్డింగులో ఖాళీ అయిన ఫ్లాటు ఓనరు దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాలి. నా పేరు మీ నోటితో మీరే చెప్పాలి. ఆయన ఏమంటాడో పక్కన నిలబడి వినండి. హలీం డబ్బులు నేనే ఇస్తాను.