ఆరో తరగతి దాకా ఎందుకు ఆగాలి? వాడ బడికి ఎలక్ట్రానిక్స్ క్లబ్ కావాలి

ప్రభుత్వ బడుల్లో వచ్చే ఐదేళ్లలో 50 వేల అటల్ టింకరింగ్ ల్యాబులు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. 2016లో నీతి ఆయోగ్ కింద మొదలైన ఈ పథకంలో ఇప్పటికే 10 వేల ల్యాబులు వచ్చాయి. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చారు. సెన్సర్లు, మోటార్లు, త్రీడీ ప్రింటర్లు ప్రభుత్వ బడికి రావడాన్ని మేం స్వాగతిస్తున్నాం. అయితే ఈ ల్యాబులు 6 నుంచి 12 తరగతుల వారికే. మరి ప్రాథమిక బడి సంగతేమిటి?

పైకి ఇది వయసు లెక్క. కిందికి చూస్తే కులం లెక్క. పట్టణాల్లోని ప్రైవేటు బడులు చిన్న తరగతుల నుంచే రోబోటిక్స్ పేరుతో ఫీజులు వసూలు చేస్తున్నాయి. కొనగలిగిన ఇంటి బిడ్డ పదేళ్లు నిండేసరికి పది బొమ్మలు విప్పి చూసి ఉంటుంది. కూలికి వెళ్లే ఇంటి బిడ్డ పాడైతే మళ్లీ కొనలేమన్న భయంతో టార్చిలైటు కూడా విప్పదు. ఆరో తరగతిలో ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముందు చేసినవారికి ‘ప్రతిభ’ ఉందంటారు. రిజర్వేషన్ల మీద విసిరే మెరిట్ మాట ఇలాంటి చోటే పుడుతుంది.

‘ముట్టుకోవద్దు’ అన్న మాటకు మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. బొంబాయి హైస్కూల్లో అంబేడ్కర్ లెక్క చేయడానికి బోర్డు దగ్గరికి వెళ్తుంటే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు పరుగెత్తి తీసేసుకున్నారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. అదే అంబేడ్కర్ 1942-46 మధ్య వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా దేశ విద్యుత్ విధానానికి పునాది వేశారు. చవకైన, సమృద్ధియైన కరెంటు లేకుండా పరిశ్రమలు రావనీ, పరిశ్రమలు రాకుండా పేదరికం పోదనీ వాదించారు. రాజ్యాంగం పట్టుకున్న అంబేడ్కర్ మన విగ్రహాల్లో ఉన్నాడు. కరెంటు గురించి ఆలోచించిన అంబేడ్కర్ మన పిల్లలకు ఇంకా అందలేదు.

క్లబ్ మొదలుపెట్టడానికి 20 లక్షలు అక్కర్లేదు. బడి వదిలాక వారానికి రెండు రోజులు, గంటసేపు, పది పదిహేను మంది పిల్లలు చాలు. గోధుమపిండిలో బాగా ఉప్పు వేసి ముద్ద కలిపితే అందులోంచి కరెంటు పారుతుంది. గోడ గడియారంలో వేసే సెల్స్ నాలుగు ఒక పెట్టెలో పెట్టి, రెండు తీగలనూ రెండు ముద్దల్లో గుచ్చాలి. చిన్న ఎల్‌ఈడీ బల్బు పొడుగు కాలు ప్లస్ వైపు ముద్దలో, పొట్టి కాలు రెండో ముద్దలో పెడితే వెలుగుతుంది. కాళ్లు తారుమారైతే వెలగదు. ముద్దలు ఒకదానికొకటి తగిలితే ఆరిపోతుంది. ఎందుకని పిల్లలే వెతకాలి. ‘నాకు రాదు’ అనే బిడ్డ ‘తిప్పి పెట్టి చూద్దాం’ అనడం నేర్చుకుంటే క్లబ్ పని చేసినట్టే.

జాగ్రత్తలు ఖచ్చితంగా ఉండాలి. ఇంటి 230 వోల్టుల కరెంటు జోలికి పోకూడదు. మింగితే ప్రాణం మీదికి తెచ్చే బిళ్ల సెల్స్ వద్దు. సోల్డరింగ్ పెద్ద తరగతులకు వదిలేయాలి. దానం పేరుతో వచ్చే పాత టీవీలు, ఉబ్బిన ఫోన్ బ్యాటరీలు గదిలోకి రానివ్వకూడదు. ఊరి చెత్త మన పిల్లలకు పాఠం కాకూడదు.

నేర్పేవాళ్లు ఎక్కడ అంటారా? వాడలోనే ఉన్నారు. మోటారు వైండింగ్ చేసే అన్న, సెల్‌ఫోన్లు బాగుచేసే తమ్ముడు, ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే అక్కలు. సర్టిఫికెట్ లేదని ఇన్నాళ్లూ లెక్కలోకి రాని ఈ పనితనాన్ని పిల్లల ముందు గురువు స్థానంలో నిలబెట్టడమే సగం చదువు.

తీగకు కులం తెలియదని మురిసిపోతే సరిపోదు. ఆ తీగ ముందు ఎవరి చేతికిస్తారన్న చోటే కులం ఉంటుంది. అందుకే స్క్రూడ్రైవర్ పట్టే వంతు, గది ఊడ్చే వంతు రెండూ పేర్లు రాసి గోడకు అంటించాలి. ఆడపిల్లలు టార్చి పట్టుకుంటే మగపిల్లలు బిగించే పద్ధతి మొదటి రోజే ఆగాలి.

యువకుల సేవతో ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. ఖాళీ టీచర్ పోస్టులకు క్లబ్ బదులు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2013 నాటి ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఆ నిధుల నుంచి వాడ బడుల క్లబ్బులకు సామాను, నేర్పేవారికి గౌరవ వేతనం, పిల్లలకు సాయంత్రం చిరుతిండి ఇవ్వాలి. ల్యాబు వచ్చిన ప్రతి హైస్కూలూ చుట్టుపక్కల ప్రాథమిక బడుల పిల్లలకు వారంలో ఒకరోజు తలుపు తీయాలి. 50 వేల ల్యాబులు ఏ ఊరికి వెళ్తున్నాయో, అక్కడ ఎస్సీ, ఎస్టీ పిల్లలెందరో బయటపెట్టాలి.

విద్యార్థి మిత్రులారా, మీ మండలంలో ల్యాబు వచ్చిన బడి ఏదో సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి. జవాబు వచ్చేలోగా వాడలో ఒక గది చూసి, పిండి కలపండి.