గుమ్మపాలు బలమేనా?



వారాల తరబడి విడవని జ్వరంతో మా ఓ.పి.కి వచ్చేవారిని మేము చాలా ప్రశ్నలు అడుగుతాము. దగ్గు ఉందా, ఏ నీళ్లు తాగుతున్నారు, దోమతెర కట్టుకుంటున్నారా అని. "ఇంట్లో పాడి ఉందా? పాలు కాచే తాగుతున్నారా?" అన్న ప్రశ్న మాత్రం తరచుగా మరచిపోతాము. ఇది మా లోపమే. టైఫాయిడ్ అనుకుని మందులు మార్చి మార్చి వాడిన తరువాత గానీ బ్రూసెల్లోసిస్ గుర్తుకు రాదు.

ఈ జ్వరం కొత్తది కాదు. మాల్టా ద్వీపంలోని బ్రిటిష్ సైనికులు దీనితో ఏళ్ల తరబడి బాధపడ్డారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే వైద్యుడు ఆ క్రిమిని కనుగొన్నాడు. అది ఎలా వస్తుందో మాత్రం 1905 వరకు తెలియలేదు. ఆ సంవత్సరం జమ్మిత్ అనే మాల్టా వైద్యుడు అక్కడి మేకల్లో ఆ క్రిమిని పట్టుకున్నాడు. చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మేకలవి! 1906లో సైనికులకు మేకపాలు ఆపివేయగానే జ్వరం తగ్గుముఖం పట్టింది.

ఆరోగ్యంగా కనిపించే పశువు పాలలో కూడా క్రిమి ఉండవచ్చునన్నదే మేము చెప్పదలచినది. "మా గేదె పాలు మాకు తెలియవా" అనే పెద్దలతో మేము ఏకీభవించలేము. పొదుగు నుండి పితికిన గుమ్మపాలు నురుగుతో సహా పిల్లవాడికి పట్టడం ప్రేమతో చేసే పనే. కానీ ఆ వెచ్చదనం క్రిమిని చంపదు. పశువుల క్షయ కూడా పచ్చిపాల ద్వారానే మనిషికి రాగలదు.

సాయంత్రం జ్వరం, రాత్రి ఒళ్లు తడిసేలా చెమట, నడుము, కీళ్ల నొప్పులు, నీరసం – బ్రూసెల్లోసిస్ లక్షణాలు ఇవి. గర్భిణికి గర్భస్రావం కావచ్చు. సాధారణంగా రెండు రకాల మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. పది రోజులకే జ్వరం తగ్గిందని మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది.

కాస్తే బలం పోతుందంటారు. కాల్షియం పోదు, మాంసకృత్తులు పోవు, కొవ్వు పోదు. బి విటమిన్లు కొన్ని కొంత తగ్గే మాట నిజమే. వాటిని పప్పు, ఆకుకూరలతో భర్తీ చేసుకోవచ్చు. పాలు పొంగు వచ్చాక మంట తగ్గించి, గరిటెతో తిప్పుతూ మరి రెండు మూడు నిమిషాలు కాచండి, చాలు. రోజుకు నాలుగుసార్లు మరిగించనక్కరలేదు. పాకెట్ పాలు డెయిరీలో పాశ్చరైజ్ చేసినవే (72 డిగ్రీల వద్ద 15 సెకన్లు వేడిచేయడం ఒక పద్ధతి). అయినా మన ఎండలలో, కరెంటు కోతలలో అవి చల్లగానే ఇంటికి చేరాయని నమ్మలేము గనుక ఒకసారి కాచుకోవడమే మేలు.

పెరుగు విషయంలో మన అమ్మమ్మల పద్ధతి మంచిది. కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేస్తారు. పచ్చిపాలనే తోడువేస్తే పులుపు ఆ క్రిములను చంపుతుందని భరోసా లేదు. పాలు పడనివారికి పెరుగు, మజ్జిగ తేలికగా అరుగుతాయి, ఎందుకంటే పాలలోని చక్కెరలో కొంత భాగాన్ని తోడులోని క్రిములు ముందే వాడుకుంటాయి.

డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పచ్చి మేకపాలు వెదికి తెచ్చి తాగించేవారున్నారు. దయచేసి అలా చేయకండి. డెంగీ రోగికి ఆ పాలతో మేలు జరుగుతుందన్న రుజువు లేదు. పైగా మాల్టాలో సైనికులకు జ్వరం తెచ్చినవి ఆ పచ్చి మేకపాలే.

పాడి ఉన్న కుటుంబాలకు మరొక మాట. గేదెకు గానీ ఆవుకు గానీ నెలలు నిండకుండా చూడి పోతే, ఆ దూడను, మాయను వట్టి చేతులతో తీయకండి. చేతులకు తొడుగులు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చి, పశువైద్యునికి తెలియజేయండి. నాలుగు నుండి ఎనిమిది నెలల పెయ్యదూడలకు ఈ వ్యాధి రాకుండా టీకా ఉంది, జీవితంలో ఒక్కసారే. 2019లో కేంద్రం ప్రారంభించిన పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో అది కూడా చేరింది.

ఇకపై జ్వరంతో వచ్చినప్పుడు మేము అడగకపోయినా, ఇంట్లో పశువులు ఉన్నాయని, పచ్చిపాలు తాగామని మీరే ముందుగా చెప్పండి.