బాబాని అడిగిన ప్రశ్నలే డాక్టర్నీ అడగండి

మన దగ్గర ఒక తయారు జవాబు ఉంది. ఎవరికైనా దయ్యం పట్టిందంటే "భూతవైద్యుడి దగ్గరకి కాదు, డాక్టరు దగ్గరకి వెళ్ళండి" అంటాం. సభల్లో అంటాం, కరపత్రాల్లో రాస్తాం. ఆ వాక్యం దగ్గరే ఆగిపోతాం. ఆ డాక్టరు గదిలో ఏం జరగాలి, ఏం జరిగితే అది వైద్యం, ఏం జరిగితే అది తెల్లకోటు వేసుకున్న సోది అన్నది మాత్రం ఎప్పుడూ చెప్పం. చెప్పకపోవడం వల్ల ఏమవుతుందో ఈమధ్య దగ్గర్నుంచి చూశాను.

మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో మా మిత్రుడొకడున్నాడు. గుంటూరు వైపు మనిషి, ఉద్యోగం కోసం వచ్చి ఢిల్లీలోనే స్థిరపడ్డాడు. తండ్రి పోయాక తల్లిని తనతో తెచ్చుకున్నాడు. ఆవిడకి డెబ్భై దాటాయి. కొన్నాళ్ళుగా నిద్ర లేదు, తిండి సయించదు. "గుండెల్లో మంటగా ఉంటుంది నాయనా, ఒళ్ళంతా బరువు, మీ నాన్న పిలిచినట్టుంటుంది" అంటుందట. బంధువులెవరో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. మిత్రుడికి చిరాకేసి నాకు ఫోన్ చేశాడు. హేతువాదిని కదా, సరైన సలహా చెబుతానని.

నేనేం చెప్పానో తెలుసా? "గాలీ లేదు ధూళీ లేదు. అమ్మని రోజూ పార్కులో తిప్పు. మనసు దిటవు చేసుకోమను. అదే సర్దుకుంటుంది."

తాయెత్తు కట్టినవాడికీ నాకూ తేడా ఏముంది? ఇద్దరమూ ఆవిడని చూడలేదు, ఏమీ అడగలేదు. జవాబు మాత్రం ఇద్దరి దగ్గరా ముందే సిద్ధంగా ఉంది. వాడిది తాయెత్తు, నాది పార్కు.

రెండు నెలలు అలా పోయాక, మిత్రుడు ఆవిడని ఒక ప్రైవేటు క్లినిక్కుకి తీసుకెళ్ళాడు. పేరు అనవసరం. పది నిమిషాల్లో అయిపోయింది. డాక్టరుకి తెలుగు రాదు, ఆవిడకి హిందీ రాదు. కొడుకే అనువాదకుడు. "నాన్న పిలిచినట్టుంటుంది" అన్న మాట కొడుకు నోట్లోంచి "ఆవాజే సునాయీ దేతీ హై" అని బయటకొచ్చింది. అంటే "గొంతులు వినిపిస్తున్నాయి" అని! దాంతో మతిభ్రమణానికి వాడే మందు రాశారు, దానితో పాటు మరో మూడు. పైగా తలకి వైర్లు పెట్టి "బ్రెయిన్ మ్యాపింగ్" అని రంగురంగుల బొమ్మొకటి చేతిలో పెట్టి, దానికి వేరే డబ్బు తీసుకున్నారు. జబ్బు పేరేమిటో చీటీ మీద రాయలేదు. ఆవిడ పగలంతా మత్తులో పడుండేది.

తర్వాత వేరే డాక్టరు గంటకి పైగా కూర్చుని, తెలుగు తెలిసిన సహాయకురాలిని పెట్టుకుని, మొదటినుంచీ అడిగారు. రక్తపరీక్ష చేయించారు. థైరాయిడ్ బాగా తక్కువగా ఉందని తేలింది, దానితో పాటు డిప్రెషన్. మందులు మారాయి. ఇప్పుడు ఆవిడ కూర్చుని కూర తరుగుతోంది, కోడలితో పోట్లాడుతోంది. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. ఎక్కడెక్కడ తప్పు జరగవచ్చో చూపించడానికి మాత్రం ఒక్క కేసు చాలు.

ముందు ఆ "గొంతు" సంగతి చూద్దాం. 1971లో రీస్ అనే డాక్టరు వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి మాట్లాడాడు. ఆ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. దాదాపు సగం మంది, పోయిన మనిషి పక్కనే ఉన్నట్టనిపించడమో, కనిపించడమో, వినిపించడమో జరుగుతోందని చెప్పారు. చాలామంది అంతకుముందు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. వాళ్ళంతా పిచ్చివాళ్ళు కారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు.

ఇప్పుడు ఢిల్లీలోనే జరిగిన ఇంకో సంగతి. 2018 జులై 1న బురాడీలో ఒకే ఇంట్లో 11 మంది శవాలై కనిపించారు. ఆ ఇంట్లో దొరికిన నోటుపుస్తకాల్ని బట్టి, చనిపోయిన తండ్రి తన ద్వారా ఆదేశాలిస్తున్నాడని ఒక కొడుకు నమ్మాడు, ఇంటిల్లిపాదీ అతన్ని నమ్మారు. ఇరుగుపొరుగుకి మాత్రం అది ముచ్చటైన కుటుంబం.

రెండు చోట్లా "పోయిన మనిషి గొంతే". ఒకచోట అది భర్త మీద బెంగ, రెండోచోట 11 ప్రాణాలు తీసిన భ్రమ. తేడా ఎలా తెలుస్తుంది? ఏ స్కానూ చెప్పదు. ఆ గొంతు ఏమంటోంది, ఎప్పుడు వినిపిస్తుంది, చెప్పింది చెయ్యాలనిపిస్తోందా, అది నిజం కాదేమోనన్న అనుమానం ఎప్పుడైనా వచ్చిందా అని ఓపికగా అడిగితేనే తెలుస్తుంది. మనోవైద్యంలో స్టెతస్కోపు ప్రశ్నే. పది నిమిషాల్లో ప్రశ్నలు పట్టవు. అందుకే పది నిమిషాల నిర్ధారణ మీద నాకు కోపం.

సరే, ప్రైవేటు సైకియాట్రిస్టు దగ్గర మొదటిసారి పరీక్ష అంటే ఏం ఆశించాలి? ముప్పావు గంటో గంటో పట్టాలి. ఒక్కోసారి రెండు మూడు విడతలు కావాలి. బాధ ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది, నిద్ర, ఆకలి, పాత జబ్బులు, వాడుతున్న మందులు, మద్యం, కుటుంబంలో ఎవరికైనా ఉందా, ఇవన్నీ అడగాలి. మాట తీరు, మూడ్, ఆలోచనల వరుస, జ్ఞాపకశక్తి, తన స్థితి గురించి తనకెంత తెలుసు, వీటిని గమనించి రాసుకోవాలి. మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ అంటే ఇదే. ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలి, కానీ రోగితో ఒంటరిగా కూడా మాట్లాడాలి. అత్తగారు పక్కన కూర్చుంటే ఏ కోడలు నిజం చెబుతుంది?

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని మనవాళ్ళకి భయం. పరిశోధనల్లో అందుకు ఆధారం దొరకలేదు. ఆ ప్రశ్న అడగని పరీక్ష అసలు పరీక్షే కాదు.

రక్తపరీక్ష దేనికి? డిప్రెషన్‌ని చూపించే రక్తపరీక్ష లేదు. థైరాయిడ్, బీ12, షుగరు లాంటివి మనసు జబ్బు వేషం వెయ్యగలవు కాబట్టి వాటిని వేరు చెయ్యడానికి. ఈఈజీ మూర్ఛ అనుమానం ఉన్నచోట పనికొచ్చే పరీక్షే. కానీ అందులోంచి రంగుల బొమ్మ తీసి "ఇదిగో మీ డిప్రెషన్" అంటే అది అంజనం వెయ్యడమే. వేలిముద్రలు చూసి పిల్లల తెలివి చెబుతామనే డీఎంఐటీ కూడా అంతే. హస్తసాముద్రికానికి కంప్యూటర్ ప్రింటు.

తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి నింపమంటారు, పీహెచ్‌క్యూ-9. మంచి పనిముట్టే. 27కి 10 వస్తే ఇంకా లోతుగా చూడాలని అర్థం, జబ్బు ఖాయమని కాదు. మార్కులు చూసి మందు రాసేదైతే డాక్టరు దేనికి, క్యాలిక్యులేటరు చాలదా?

చివర్లో ఒక తాత్కాలిక నిర్ధారణ చెప్పాలి. తాత్కాలికం అన్న మాట ముఖ్యం. అదొక ఊహ. కొత్త సంగతి తెలిస్తే మారాలి. మన భాషలో చెప్పాలంటే, తప్పని తేలే అవకాశం ఉన్న ప్రతిపాదన. మారని నిర్ధారణ చేసేవాడు జాతకం రాస్తున్నాడు.

ఇక్కడ భక్తులు పట్టుకుంటారు. "చూశారా, మీ సైన్సుకే గ్యారంటీ లేదు! మెదడు కోసినవాడికి 1949లో నోబెల్ ఇచ్చింది మీ సైన్సే కదా!" అంటారు. ఇచ్చింది. లోబోటమీ దారుణమని తేల్చి వదిలేసింది కూడా ఆ సైన్సే. ఏ పీఠాధిపతి తన పాత చికిత్స తప్పని లెక్కలు చూపించి మానేశాడు? 2001 ఆగస్టు 6న ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. దర్గా మహిమతో నయమవుతుందని తెచ్చి కట్టేసిన మనుషులు వాళ్ళు. ఆ తర్వాత "మా మహిమ పనిచెయ్యలేదు" అని ఎవరైనా ప్రకటించారా?

మనలోనూ ఒక జాతి ఉంది. "సైకియాట్రీ అంతా మందుల కంపెనీల నాటకం" అంటారు. డిప్రెషన్‌కి కారణం సెరొటోనిన్ తగ్గడమే అనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. దాన్ని చూపించి మందులన్నీ దండగ అంటారు. ఇది తర్కం కాదు. మందు ఎలా పనిచేస్తుందన్నది ఒక ప్రశ్న, పనిచేస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. 2018లో లాన్సెట్‌లో 522 ట్రయల్స్, 1,16,477 మందిని లెక్కలోకి తీసుకున్న విశ్లేషణ వచ్చింది. చూసిన 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగే, అయితే ఆ మెరుగు మరీ ఎక్కువేం కాదు. అద్భుతం కాదు, మోసమూ కాదు. ఇలాంటి మధ్యస్థపు నిజం చెప్పడానికి చప్పట్లు రావు గనక సభల్లో ఎవరూ చెప్పరు.

మదనపల్లె గుర్తుందా? 2021 జనవరిలో చదువుకున్న తల్లిదండ్రులు, పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్ళు, మళ్ళీ బతికొస్తారన్న నమ్మకంతో ఇద్దరు కూతుళ్ళని చంపుకున్నారు. ఆ సాయంత్రానికల్లా మనం "మూఢనమ్మకం" అని తీర్పు చెప్పేశాం, అవతలివాళ్ళు "పిచ్చి, భక్తికి సంబంధం లేదు" అని తీర్పు చెప్పేశారు. వాళ్ళని పరీక్ష కోసం విశాఖ మానసిక ఆస్పత్రికి పంపింది ఆ తర్వాత. నమ్మకం, జబ్బు ఒకే మనిషిలో ఉండకూడదని ఎవరన్నారు? జబ్బు తన భ్రమకి కావలసిన సరుకు చుట్టూ ఉన్న నమ్మకాల్లోంచే తెచ్చుకుంటుంది. కోవూర్ గారి కథలు చదివి పెరిగిన మనకి వేదిక మీంచే రోగ నిర్ధారణ చెయ్యడం అలవాటైపోయింది. ఆయన బోటనీ మనిషి. మనం అదీ కాదు.

ఇక చట్టం. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దానిలో సెక్షన్ 3 ప్రతి హేతువాదీ చదవాలి. సమాజంలో ఉన్న నీతి, సంస్కృతి, రాజకీయ విలువలకో, మత విశ్వాసాలకో ఒదగనంత మాత్రాన ఎవరినీ మానసిక రోగి అనడానికి వీల్లేదని ఉంది. గుడికి రాననే కొడుకునీ, కులం కాని పెళ్ళి చేసుకుంటాననే కూతుర్నీ "కౌన్సెలింగ్"కి లాక్కెళ్ళే తల్లిదండ్రులకి ఇది చూపించండి. గతంలో చికిత్స తీసుకున్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడు రోగి అనకూడదు. జబ్బు ఉన్నంత మాత్రాన, కోర్టు చెబితే తప్ప, మతిస్థిమితం లేనివాడని అనుకోకూడదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి, తన రికార్డులు చూసుకునే హక్కు రోగికుంది. "చీటీ చేతికిస్తే పెళ్ళి కాదేమో" అని భయపడే ఇంట్లోవాళ్ళకి ఇవన్నీ ఎవరు చెప్పాలి? మనమే.

కాబట్టి బాబాని అడిగే ప్రశ్నలే ఇక్కడా అడగండి. మీ అర్హత ఏమిటి? సైకియాట్రిస్టయితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ నంబరుండాలి. మీరనుకుంటున్న జబ్బు పేరేమిటి? ఎందుకనుకుంటున్నారు? ఇంకేమై ఉండవచ్చు? ఈ పరీక్ష ఫలితం వల్ల చికిత్సలో ఏం మారుతుంది? ఈ మందు ఎన్నాళ్ళకి పనిచెయ్యాలి, చెయ్యకపోతే ఏం చేస్తారు? భాష రాకపోతే ఇంట్లోవాళ్ళు కాని అనువాదకులు దొరుకుతారా? వీటికి మంచి డాక్టరు విసుక్కోడు. విసుక్కుంటే ఇంకొకరి దగ్గరకి వెళ్ళండి. అయితే మొదలుపెట్టిన మందుని మాత్రం మీ అంతట మీరు ఠక్కున ఆపకండి, అది ఇంకో రకం మూర్ఖత్వం.

"దేశంలో లక్షమందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేరు, గంటసేపు ఎక్కడ చూస్తారు" అంటారు. నిజమే, సర్కారీ ఓపీడీలో ఆ మాట ఒప్పుకుంటాను. ఫీజు ముందే కట్టించుకునే చోట ఒప్పుకోను. డబ్బు కట్టలేనివాళ్ళకి మయూర్ విహార్ నుంచి పింక్ లైన్లో వెల్‌కమ్, అక్కడ రెడ్ లైన్ మారితే దిల్షాద్ గార్డెన్‌లో ఇహ్‌బాస్ ఉంది. పాత షాహదరా పిచ్చాసుపత్రే సుప్రీంకోర్టు చొరవతో 1993లో ఆ సంస్థగా మారింది. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనూ మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచనలుంటే అపాయింట్‌మెంటు కోసం ఆగకండి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా అప్పటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. అంటే మన సభకి వంద మంది వస్తే అందులోనూ ఓ పదిమంది ఉండొచ్చు. వాళ్ళు నాస్తికులైనంత మాత్రాన వాళ్ళ మెదడు మినహాయింపు కాదు. మనం "ఎర్రగడ్డ" అని జోకేసినప్పుడల్లా వాళ్ళు నోరు మూసుకుంటారు.

మా మిత్రుడి తల్లికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "నువ్వేం చేశావు నాయనా, పార్కుకి వెళ్ళమన్నావు, అంతేగా" అంది. అంతే. రెండు నెలలు.