గాలిలో పాటకు నేలమీద చాప

ఆకాశవాణి ఊరూర ఉచితముగా సంగీతసభలు, కవిసమ్మేళనములు, రైతుసభలు జరుపవలెనని ఎవరైన నోరు విప్పగనే, మన విద్యావంతులలో రెండు వర్గములవారు బదులు చెప్పుటకు సిద్ధమగుచున్నారు. మొదటివారు లెక్కల పుస్తకము తెరచి, రేడియో వినువాడే కరవైన యీ కాలమున పందిళ్లు వేయించి, గాయకులకు పారితోషికమిచ్చి, జనమును కూర్చుండబెట్టి ఊరక వినిపించుట ప్రజాధనమును బూడిదలో పోయుటయే యని తీర్పు చెప్పుచున్నారు. రెండవవారు తమ చిన్ననాటి రేడియోపెట్టెను, దానిలోని పచ్చని కన్నును, ఆదివారపు నాటకమును తలచుకొని నిట్టూర్చుచున్నారు. మొదటివారికంటె రెండవవారిమీదనే నాకు విసుగు ఎక్కువ. ఏలనన, లెక్క అడిగినవానికి లెక్క చెప్పవచ్చును గాని, జ్ఞాపకమునే వాదముగా పట్టుకొని వచ్చినవానికి ఏమి చెప్పగలము? ఉచితసభ రేడియోకు అలంకారము కాదు, దానధర్మము అంతకంటె కాదు. అది రేడియో పనిలో సగము. ఆ సగమును ఎగవేసి, మిగిలిన సగమునకు కోట్లు గుమ్మరించు విధానము ఎవరికిని తప్పుగా తోచకపోవుటయే నాకు వింతగా నున్నది.

అందరును మరచిన సంగతి యొకటి కలదు. 1956వ సంవత్సరమున, అప్పటి బొంబాయి రాష్ట్రములో, పుణె మొదలైన ఐదు జిల్లాలలో, యునెస్కో తోడ్పాటుతో ఆకాశవాణి ఒక ప్రయోగము చేసినది. సుమారు నూటయేబది గ్రామములలో రేడియో కూటములు ఏర్పడినవి. వారమునకు రెండుమార్లు చొప్పున, పది వారములపాటు, ఇరువది ప్రసారములు జరిగినవి. ఊరివారు ఒకచోట కూడి వినిరి, విన్నదానినిగూర్చి తమలో తాము తర్కించుకొనిరి, తేలని సందేహములను కేంద్రమునకు తిరిగి వ్రాసి పంపిరి. పాల్ న్యూరాత్ అను సామాజికశాస్త్రవేత్త ప్రసారములకు ముందును, వెనుకను ఆ గ్రామస్థుల పరిజ్ఞానమును కొలిచి చూచెను. కూటమున్న గ్రామములలో పెరుగుదల ఆశ్చర్యకరముగా నుండెను. కూటము లేని గ్రామములలో, అచ్చట రేడియోపెట్టె యున్నను, పెరుగుదల అత్యల్పము. పెట్టె యున్నను! ఈ రెండు మాటలను ఢిల్లీలో ప్రసారశాఖవారి గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించిన బాగుండును. శబ్దము చెవికి చేరుట వేరు, మనిషికి చేరుట వేరు. ఈ రెంటి నడుమ నున్న దూరమును దాటించినది యంత్రము కాదు, పదిమంది ఒకచోట కూర్చుండుట.

ఇప్పుడు మన విధానమును చూతము. 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము ప్రసారసౌకర్యముల అభివృద్ధి కొరకు 2025–26 వరకు వర్తించునట్లుగా 2,539.61 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. ఆకాశవాణి ఎఫ్.ఎం. ప్రసారము అందు జనాభాను 68 శాతమునుండి 80 శాతమునకు పెంచుట ఆ పథకపు లక్ష్యములలో ఒకటి. ఆ యేడే ఏప్రిల్ 28న, నూరేసి వాట్ల ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు తొంబదియొకటి ఒక్కనాడే ప్రారంభమైనవి. సంతోషమే, ట్రాన్స్‌మిటరుమీద నాకు పగ లేదు. కాని 80 శాతమనగా అర్థమేమి? నూటికి ఎనుబదిమంది నివసించుచోట గాలిలో తరంగమున్నదనియే గాని, వారిలో ఒక్కడైన మీట త్రిప్పెననికాదు, త్రిప్పి నిలిచి విన్నాడనికాదు, విన్నదానిని పొరుగువానితో ముచ్చటించెనని అసలే కాదు. 1956 నాటి పరిభాషలో అది పెట్టె. కూటముమాట ఎక్కడ? 2018 డిసెంబరులో ఖర్చు తగ్గించు పేర జాతీయ ఛానెలును, హైదరాబాదుతో సహా ఐదు నగరములలోని ప్రాంతీయ శిక్షణాసంస్థలను మూసివేయుటకు ఉత్తర్వు వెడలినప్పుడు తెలిసినది: పొదుపుకత్తి ఎల్లప్పుడును మనుషుల వైపుననే తెగును.

మన శ్రీకాకుళ, విజయనగర సీమల స్థితి యింతకంటె విచిత్రము. విశాఖపట్నపు ఆకాశవాణి కేంద్రము 1963 ఆగస్టు 4న ప్రారంభమైనది. 927 కిలోహెర్ట్జుల మీద ఉత్తరాంధ్రకంతకు పలికినది ఆ కేంద్రమే. స్థానిక కేంద్రములను 1984 అక్టోబరులో నాగర్‌కోయిలుతో ఆరంభించి, క్రమముగా ఆదిలాబాదు, కొత్తగూడెము, వరంగల్లు, నిజామాబాదు, తిరుపతి, అనంతపురము, కర్నూలు, మార్కాపురము వరకు విస్తరించినవారికి, శ్రీకాకుళమును విజయనగరమును కనబడలేదు. మార్కాపురమునకు కేంద్రము ఉండుట నాకు అసూయ కాదు, ఉండదగినదే. కాని వయొలిను విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు మసలిన విజయనగరమునకు స్టూడియో ఏల లేదని అడుగుటకు ఆ ఊరివారికి హక్కు లేకపోయెనా?

కేంద్రమున్నచోటనే సభలు విరివిగా జరుగుట సహజము. విశాఖలో ప్రవేశము ఉచితమే. విజయనగరమునుండి పోవువానికి అరువది కిలోమీటర్ల దారి. శ్రీకాకుళము వానికి నూరు దాటును. ఇచ్ఛాపురము వానికి రెండువందలకు పైమాటే. పలాసలో జీడిపప్పు బట్టీలో దినమంతయు పనిచేసి చేతులకు జీడినూనె మరకలతో బయటపడిన మనిషి, రైలు ఛార్జీ పెట్టుకొని, ఆ సాయంకాలపు కూలి వదలుకొని, రాత్రి తిరుగు ప్రయాణమునకు బండి దొరకునో లేదోయని గడియారము చూచుకొనుచు కచ్చేరి వినునా? టిక్కెట్టుమీద సున్న వేసినంతమాత్రమున సభ ఉచితము కాదు. ఆ సున్నకు ముందుండు అంకెలన్నియు శ్రోతయే చెల్లించుచున్నాడు.

సభలు ఇచ్చటికే ఏల రావలెనో చెప్పుటకు వాదముకంటె ఈ సీమ జానపదకళయైన తప్పెటగుళ్లను చూపుట మేలు. పదునైదు ఇరువదిమంది మగవారు రొమ్ములమీద గుండ్రని తప్పెటలు కట్టుకొని, కాళ్లకు గజ్జెలతో, వలయముగా తిరుగుచు పాడుదురు. తప్పెటమీద వేలిదెబ్బ పడినప్పుడే గజ్జె పడవలెను. గజ్జె పడినప్పుడే గొంతు ఎత్తవలెను. నడుము వంచి నేలకు ఒరిగినప్పుడు శబ్దము అడుగంటి, నిక్కినప్పుడు పైకి లేచును. ఒకరి భుజములమీద ఒకరెక్కి గోపురము కట్టునప్పుడు తప్పెట ఒక్క క్షణమాగును. ఆ క్షణమున చుట్టునున్న జనము ఊపిరి బిగబట్టుదురు. ఆ బిగువే ఆ కళకు పతాక. ఇప్పుడు ఈ ఇరువదిమందిని పరదాలు బిగించిన ఒక గదిలో, కదలిన కాలిచప్పుడు మైకులో పడునని భయపడుచు, నిలువబెట్టి పాడింపుడు. రేడియోలో వచ్చునది తప్పెటయే. గుళ్లు మాత్రము రావు. నిజమైన ప్రసారము కావలెనన్న, మైకు ఆరుబయటకు పోవలసినదే, చుట్టు జనముండవలసినదే. వారి ఈలయు, కేకయు, పిల్లవాని ఏడ్పును కూడ అందులో భాగమే. జముకులకథ మాట వేరుగా చెప్పనక్కరలేదు. నరమును లాగి మీటిన ఆ జముకు మూలుగు, ఎదుట కూర్చున్న ముసలమ్మ “ఊఁ” కొట్టకపోయిన, సగములోనే తెగిపోవును.

హరికథ సంగతియు నంతే. 1919లో విజయనగరమున సంగీతకళాశాల వెలసినప్పుడు దానికి తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు కాళ్లకు గజ్జెకట్టి నిలిచినది సభలో. సభ “గోవిందా” యని బదులు పలికినప్పుడే కథ ముందుకు సాగును. బదులు పలుకువాడు లేని హరికథ అద్దములో చూచుకొని ఆడిన పగటివేషము. ఆ కళాశాలలోనే చదువుకొన్న ఘంటసాల విజయనగరపు వీధులలో మధూకరము ఎత్తి కడుపు నింపుకొన్న సంగతి తెలుగువారికెల్ల తెలిసినదే. గాయకుడు పేరు గడింపకమునుపే అతనికి ఊరక అన్నము పెట్టిన ఊరది; ఆ ఊరికి ఊరక పాట వినిపించుమన్నచో మనవారికి లెక్కల పుస్తకము గుర్తుకు వచ్చుచున్నది.

మన్యపు సంగతి తలచిన సిగ్గు వేయును. సవరల మాట నేర్చి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చి, సవర పిల్లలకు బడులు పెట్టించిన గిడుగు రామమూర్తిపంతులుగారు పుట్టినది ఈ శ్రీకాకుళపు మట్టిలోనే. (గ్రాంథికముమీద జీవితాంతము కత్తి కట్టిన ఆ మహనీయుడు ఈ నా వాక్యములను చూచిన ఏమనునో ఊహింపగలను, కాని అలవాటు వదలలేదు, క్షమింతురు గాక.) భాష నేర్చుకొనుటకు ఆయన సవరవారిని తన ఎదుట కూర్చుండబెట్టుకొనెను. 1990 నాటి ప్రసారభారతి చట్టము పండ్రెండవ సెక్షనులో, దేశమునందలి వివిధ ప్రాంతముల సంస్కృతులకును భాషలకును తగినంత చోటు కల్పింపవలెనని స్పష్టముగా వ్రాసియున్నది. సీతంపేట కొండలలోని మనిషి పాటకు చోటు కల్పించుట యనగా, ఆ మనిషిని విశాఖకు రప్పించి, పాట ఎత్తుకొని, తిరిగి బస్సెక్కించుటయా? అది సేకరణ మగునేమో గాని, సేవ కాదు. ఆ పాట ఆ కొండక్రిందనే, అతని వారి నడుమనే, ఆకాశవాణి వేసిన చాపమీద పాడబడి, అచ్చటినుండి అందరికి వినబడవలెను.

ఎదుటివారి మాటయు వినవలెను గనుక విందము. సిబ్బంది తక్కువయని వారందురు, నిజమే. వేదిక దొరకగానే నాయకులు దండలతో ఎక్కి గంటసేపు మాటలాడుదురని అందురు. అదియు నిజమే, కాబట్టి వేదికమీద గాయకులకు తప్ప కుర్చీ వేయరాదను నియమమొకటి పెట్టుదురు గాక. ఫోనులోనే సకల సంగీతమును దొరకుచుండగా సభ యేల యని అడుగుదురు. ఫోను ఒక్కొక్కనిచేత నున్న ఒక్కొక్క పెట్టె. అది మునుపటి పెట్టెకంటె చిన్నది, వినువానిని అంతకంటె ఏకాకిగా చేయునది. పెట్టె యున్నను పెరుగుదల అత్యల్పమని 1956లోనే తేలిపోయినది గదా! ఇక నమ్మకము మాట: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు చేరువను తీరము దాటి ఉద్దానపు కొబ్బరిని, జీడితోటలను నేలకూల్చినది. ఆ తీరమున హెచ్చరిక చెప్పు గొంతును జనులు ఎన్నడో ఒకనాడు తమ ఊరి పందిటిలో కన్నులార చూచియుండిన, ఆ గొంతును నమ్ముట ఎంత సులభమై యుండునో ఊహించుటకు పాండిత్యము అక్కరలేదు.

ఇది అసాధ్యమనువారు జపాను వైపు చూతురు గాక. యుద్ధములో బూడిదయైన ఆ దేశమున, 1946 జనవరిలో, ఎన్.హెచ్.కె. యను ప్రజాప్రసారసంస్థ “నోదో జిమన్” అను పేర సామాన్యుల పాటలపోటీని రేడియోలో ఆరంభించినది. నేటికిని అది ఆదివారమాదివారము ఊరినుండి ఊరికి తిరుగుచున్నది. ఊరి సభాశాలలో జరుగును, ప్రవేశము ఉచితము, దరఖాస్తు పెట్టిన వారిలో చీటీవేసి పిలుతురు. చేపలవాడును, బడిపంతులును, ముదుసలియును వచ్చి పాడుదురు. బాగుగా పాడిన గంటలు గలగల మ్రోగును, లేనిచో ఒక్క గంట “టంగు” మనును, జనమెల్ల నవ్వుదురు, పాడినవాడును నవ్వును. తినుటకు తిండి కరవైన యేట వారికి తోచిన ఆలోచన, తొంబదియొక్క ట్రాన్స్‌మిటర్లను ఒక్కనాడే పాదుకొల్పిన మనకు తోచకపోవుటకు పేదరికము కారణము కాజాలదు. వారి ప్రేక్షకుడు రుసుము చెల్లించును గదా యందురు. మన తాతలును తపాలాఫీసునకు పోయి రేడియో లైసెన్సు కట్టినవారే.

కాబట్టి మాటలు చాలును. పైన చెప్పిన పథకపు సొమ్ములో వేయింట ఒకవంతు రెండున్నర కోట్లకు పైనగును. దానితో విజయనగరపు సంగీతకళాశాల ఆవరణలో, శ్రీకాకుళములో, పలాసలో, పార్వతీపురములో, సాలూరులో నెలకొక సభ నియమముగా, ఏ ప్రముఖుని జయంతికోసమును కాచుకొనక, తేదీ ముందే ప్రకటించి జరుపుటకు అడ్డమేమి? ఆహ్వానపత్రములు అచ్చువేయించి హోదా చూచి పంచు అలవాటు చాలించి, ఆటోకు మైకు కట్టి సంతలో చాటింపు వేయుడు. ముందువరుస సోఫాలు తీసివేయించి చాపలు పరపింపుడు. తప్పెటగుళ్లవారికి దారిఖర్చు ఆ రాత్రియే చేతికి ఇండు. పాట ముగిసినపిమ్మట రైతు అడిగిన ప్రశ్నను మైకులోనే విని, బదులు మైకులోనే చెప్పుడు.

ఏదో యొకనాడు ప్రసారము ఎనుబది శాతమునకు చేరినదని ఒక నివేదిక వచ్చును. దానిని పత్రికలు అచ్చువేయును, ఎవరో చప్పట్లును కొట్టుదురు. ఆ నివేదికలో కిలోవాట్లకు ఒక గడి యుండును, కిలోమీటర్లకు ఒక గడి యుండును, కోట్లకు ఒక గడి యుండును. ఇచ్ఛాపురములో ఎన్ని చాపలు పరచితిరి, వాటిమీద ఎందరు కూర్చుండిరి, వారిలో ఎందరు లేచి ప్రశ్న అడిగిరి అను గడి ఏ పుటలో నున్నదో ఆ అధికారులు మాకు చూపింతురు గాక.