ఇనామ్ మనదే, ఇల్మ్ ఎవరిది?

మొన్న బుధవారం, అక్టోబర్ 4 సాయంత్రం, మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఈద్ వచ్చినంత సందడి. రసాయన శాస్త్రంలో ఈ ఏడాది నోబెల్ ముగ్గురికి ఇచ్చారు. వాళ్లలో ఒకాయన మౌంగి బావెండి. తండ్రి పేరు మొహమ్మద్ సాలా, ట్యునీషియాలో పుట్టిన గణిత శాస్త్రవేత్త. ఆ పేరు చాలు. మలక్‌పేట ఖాలా "మాషా అల్లాహ్, కౌమ్ కా నామ్ రోషన్ హువా" అని పెట్టారు. జెద్దాలో ఉన్న తమ్ముడు పూలు పంపాడు. ఎవరో అల్ ఖ్వారిజ్మీ, ఇబ్న్ సీనా, అల్ కిందీ బొమ్మలున్న పాత పోస్టర్ మళ్లీ బయటికి తీశారు. అరగంటలో నలభై మెసేజ్‌లు. అసలు ఆ ఇనామ్ దేనికొచ్చిందో ఒక్క మెసేజ్‌లోనూ లేదు.

మా ఆపా కూతురు, ఇంటర్ సెకండియర్ చదువుతున్న పిల్ల, ఒక్క ముక్క అడిగింది: "మామూ, క్వాంటమ్ డాట్స్ అంటే ఏంటి?"

గ్రూపు చల్లబడింది. నేను సహాఫీని కదా, ఆ పిల్ల దృష్టిలో నాకు తెలియనిది ఉండదు. గబగబా చదివి జవాబు రాశాను. కంటికి ఆనని చిన్న చిన్న స్ఫటికాలు అవి. పదార్థం అదే, సైజు మారితే రంగు మారుతుంది. చిన్నవి నీలంగా, కాస్త పెద్దవి ఎర్రగా వెలుగుతాయి. కొత్త రకం టీవీల తెరల్లో వాడుతున్నారు. అలెక్సీ ఎకిమోవ్, లూయీ బ్రస్ వాటిని కనిపెడితే, అన్నీ ఒకే సైజులో శుభ్రంగా తయారు చేసే పద్ధతిని 1993లో బావెండి సాధించారు. ఇది రాసి పంపితే వచ్చినవి రెండు లైకులు. నలభై మందిలో ఇద్దరు.

అప్పట్నుంచి ఒకటే ఆలోచిస్తున్నాను. ఈ ఏడాది మన దగ్గరికి వచ్చిన ఇనామ్‌లకు మనం ఎలా ఖుషీ అయ్యాం? ఎక్కడ ఊరుకున్నాం?

మార్చి 13 సోమవారం పొద్దున గుర్తుందా? మాది షేక్‌పేట. తలెత్తితే ఫిల్మ్‌నగర్ గుట్ట. మా గల్లీలో లైట్‌మెన్లు ఉన్నారు, సెట్లు కొట్టే వడ్రంగులు ఉన్నారు, హీరోల షేర్వానీలు కుట్టే దర్జీలు ఉన్నారు. 'నాటు నాటు'కి ఆస్కార్ రాగానే చాయ్ హోటల్లో టీవీ ముందు నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లు వీళ్లే. కీరవాణి, చంద్రబోస్ స్టేజీ ఎక్కితే తమ ఇంట్లో నికాహ్ అయినంత సంబరం. భారతీయ సినిమా పాటకు ఆ విభాగంలో ఆస్కార్ రావడం అదే మొదలు. వాళ్ల ఖుషీ నిజమైనది. రాత్రంతా లైట్లు మోసిన భుజానికి తెర మీది వెలుగులో హిస్సా ఉంటుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఆ పాట వెనక ఉన్న ఇల్మ్ గురించి మన ఇళ్లలో ఎంత మాట్లాడుకున్నాం? గొంతిచ్చిన ఇద్దరిలో రాహుల్ సిప్లిగంజ్ మన మంగళ్‌హాట్ పిల్లాడు. తండ్రిది బార్బర్ పని. కొడుకు గొంతు విని ఆ తండ్రి ఏం చేశాడు? గజల్ ఉస్తాద్ పండిత్ విఠల్ రావు దగ్గరికి తీసుకెళ్లాడు. ఏడేళ్లు ఉర్దూ గజల్ నేర్చుకున్నాడా అబ్బాయి. ఒక పక్క షాపులో తండ్రికి సాయం, ఇంకో పక్క రియాజ్. ఉర్దూ మా మాదరీ జబాన్ అని జల్సాల్లో గొంతు చించుకునే మనం, మన పిల్లల్ని ఎంతమందిని ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టాం? ఇంకో సంగతి. సినిమాలో ఆ పాట వచ్చేటప్పటికి భీమ్ మారువేషంలో ఉంటాడు, అతని పేరు అక్తర్. 2020లో టీజర్ వచ్చినప్పుడు భీమ్ నెత్తి మీద టోపీ చూసి కొందరు నాయకులు గొడవ చేశారు. తర్వాత అక్తర్ స్టెప్పులకు దునియా అంతా ఆడింది. మన వాళ్లు అప్పుడు టోపీ గొడవను ఫార్వర్డ్ చేశారు, ఇప్పుడు ఆస్కార్‌ని ఫార్వర్డ్ చేశారు. ఏడేళ్ల రియాజ్‌ని ఎవరూ చేయలేదు.

ఏప్రిల్‌లో, మనం రోజాల్లో ఉండగా, ఇంకో ఖబర్ వచ్చింది. ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ సి.ఆర్.రావు గారికి ప్రకటించారు. వయసు 102. సొమ్ము 80 వేల డాలర్లు. నోబెల్‌లో లెక్కలకు చోటు లేదు కాబట్టి ఆ శాస్త్రం వాళ్లకు ఇదే నోబెల్. హడగలిలో తెలుగు ఇంట్లో పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడిగా పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదువుకున్న మనిషి. ఆ రోజు నా డెస్క్ మీదికి ఆ వార్త వస్తే నేనేం చేశాను? లోపలి పేజీలో నాలుగు లైన్లు. మార్చిలో 'నాటు నాటు' మీద వారం రోజులు రాసిన చెయ్యే ఇది. ఆయన ఏం చేశారో నాకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేకపోయింది. ఎవరి మీదా నెపం వేయను, ఆ నాలుగు లైన్లు నావే.

మా ఉర్దూ మీడియం బడిలో స్టాటిస్టిక్స్‌ని షుమారియాత్ అనేవాళ్లు. లెక్కల పుస్తకం చివరి చాప్టర్. పరీక్షలో ఛాయిస్‌లో వదిలేయొచ్చు అన్నారు, హాయిగా వదిలేశాం. ఈ మధ్యనే కూర్చుని చదివాను. నాకు అర్థమైంది ఇది. వలీమా దేగ్‌లోంచి బావర్చీ ఒక్క చెంచా తీసి ఉప్పు చూస్తాడు. దేగ్ అంతా తినకుండానే దేగ్ సంగతి చెప్పడం షుమారియాత్ పని. ఎంత ఉస్తాద్ బావర్చీ అయినా ఆ ఒక్క చెంచాతో వేసే అంచనాలో కాస్త తేడా ఉంటుంది. ఆ తేడాను ఎంతవరకు తగ్గించగలం, ఎక్కడ ఇక తగ్గదు అనే హద్దును రావు గారు లెక్కకట్టి చూపించారు. ముతక అంచనాని మెరుగు చేసుకునే దారీ చూపించారు. రెండూ 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తాలో అచ్చయిన ఒక్క పేపర్లో. ఇవాళ రాడార్ పనిచేసే చోటా ఆ హద్దు వాడుతున్నారు. 78 ఏళ్ల తర్వాత ఇనామ్ వచ్చింది. ఆగస్టు 22న ఆయన కన్నుమూశారు.

గచ్చిబౌలి వైపు, సెంట్రల్ యూనివర్సిటీ పక్కనుంచి పోయే రోడ్డుకి ఆయన పేరే ఉంది. యూనివర్సిటీలో ఆయన పేరు మీద ఒక పరిశోధనా సంస్థా ఉంది. షేక్‌పేట నుంచి బండి మీద ఆ రోడ్డున ఎన్నిసార్లు పోయానో. ఎవరీ రావు అని ఒక్కనాడూ బండి ఆపలేదు.

ఆయన తన పుస్తకం ఒకటి తల్లికి అంకితం ఇచ్చారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదివించినందుకు. ఇది చదివి నేను కాసేపు అట్లే కూర్చుండిపోయాను. నాలుగింటికి లేవడం మన అమ్మీలకు కొత్తా? రంజాన్ నెలంతా సహరీకి ఇంటిల్లిపాదినీ లేపేది వాళ్లే. ఆ వేళలో బర్కత్ ఉందని మనకు చెప్పి మరీ పెంచారు. మిగతా పదకొండు నెలల్లో ఆ వేళ మన పిల్లల పుస్తకం ముందు ఎవరు లైటు వేస్తున్నారు?

ఇక ఇవాళ శుక్రవారం. జుమా నమాజ్ అయి ఇంటికొచ్చి అన్నం తింటుంటే శాంతి బహుమతి ఖబర్ వచ్చింది. నర్గిస్ మొహమ్మదీ, ఇరాన్‌లో ఆడవాళ్ల హక్కుల కోసం కొట్లాడి తెహ్రాన్ జైల్లో ఉన్న మహిళ. ఈ పేరూ మన పేరే కదా? గ్రూపు తెరిచి చూశాను. పూలు లేవు, మాషా అల్లాహ్ లేదు. రాత్రి దాకా ఒక్క మెసేజ్ లేదు. బుధవారం పేరు చూసి మనవాడన్నాం. శుక్రవారం అదే పేరు మనల్ని ఇబ్బంది పెట్టింది, చూడనట్టు ఊరుకున్నాం. ఆమెతో అన్నిటా ఏకీభవించమని నేననను. పేరు చూసి వచ్చే ఫఖ్ర్ ఎంత పలచనో చెబుతున్నాను, అంతే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఆ ప్రశ్న అడిగిన భాంజీ వచ్చే ఏడాది డిగ్రీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ తీసుకుంటానంటోంది. పోయిన నెల దావత్‌లో ఈ మాట వచ్చింది. "స్టాటిస్టిక్స్ పఢ్‌కే క్యా కర్తీ? కంప్యూటర్ లేలే, నైతో ఘర్‌మే బైఠ్" అన్నారు ఒక పెద్దాయన. ఇంకొకరు రిష్తా మాట ఎత్తారు. దూల్హా భాయ్ జేబులోంచి క్వార్టర్లీ మార్కుల స్లిప్పు తీశారు. మ్యాథ్స్‌లో 75కి 29. "ఇది చూడండి, ఈ లెక్కలతో లెక్కల మాస్టర్ అవుతుందట" అన్నారు. అందరూ నవ్వారు. పిల్ల వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను కూడా బిర్యానీ ప్లేటులోకి చూస్తూ కూర్చున్నానే తప్ప నోరు విప్పలేదు. అదే నోటితో బుధవారం కౌమ్ కా ఫఖ్ర్ అన్నాను. పోస్టర్‌లో ఉన్న అల్ కిందీ వెయ్యేళ్లకు ముందే, ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి రహస్య లిపి విప్పిన మనిషి. షుమారియాత్‌లో తొలి అడుగుల్లో అదొకటి. గోడ మీద ఆయన బొమ్మ కావాలి, ఇంట్లో ఆ చదువు మాత్రం వద్దు.

బావెండి గారు నోబెల్ ప్రకటించాక చెప్పిన సంగతి ఒకటుంది. హార్వర్డ్‌లో చేరాక మొదటి కెమిస్ట్రీ పరీక్షలో ఆయనకు వచ్చినవి నూటికి 20. క్లాసులో అందరికంటే తక్కువ. ఇక నా పని అయిపోయింది అనుకున్నారట. అప్పటిదాకా పరీక్షకు ఎలా చదవాలో ఆయనకు తెలియదు, స్కూల్లో ఆ అవసరమే రాలేదు. అప్పుడు చదవడం నేర్చుకున్నారు. ఆ 20 మార్కుల స్లిప్పు పట్టుకుని దావత్‌లో నవ్వే చాచాలు ఆయనకు లేకపోవడం కూడా అల్లాహ్ కరమే.

వచ్చే ఏడాది కూడా ఇనామ్‌లు వస్తాయి. మనవాళ్లవో, మన ఊరివాళ్లవో పేర్లు వస్తాయి. ఖుషీ అవుదాం, ఎందుకు కాకూడదు? కానీ ఫార్వర్డ్ నొక్కే ముందు, అది దేనికొచ్చిందో ఒక్క లైను చదివి, ఇంట్లో ఉన్న పిల్లకో పిల్లాడికో చెప్పండి. అర్థం కాకపోతే ఇద్దరూ కలిసి చదవండి. ఆ పిల్ల ఎదురు ప్రశ్న వేస్తే నవ్వకండి.

బావెండి 20 మార్కుల సంగతి ఇందాక గ్రూపులో పెట్టాను. భాంజీ వెంటనే రాసింది: "మామూ, ఉన్‌కు సౌ మే బీస్. మేరేకు పచ్‌హత్తర్ మే ఉంతీస్."

దూల్హా భాయ్ చూశారు, నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు. ఎల్లుండి ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నాను. ఈసారి ప్లేటులోకి చూస్తూ కూర్చోను, ఇన్షా అల్లాహ్.